రౌతు కొద్దీ గుర్రము



2023 డిసెంబరు మొదటి వారములో, క్రిస్మసు పనులు ముమ్మరము కాకముందే, మేము విజయనగరము జిల్లాలోని శృంగవరపుకోటకు వెళ్ళి వచ్చాము. అది సభల కొరకు చేసిన ప్రయాణము కాదు. ఒక స్నేహితుని సమాధి దగ్గర కాసేపు నిలబడటానికీ, ఒక ముసలి గుర్రమును చూసి రావడానికీ వెళ్ళాము. పాస్టరుగారికి గుర్రముతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా పరిచర్య ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతములో. తెల్లవారుజామున నౌపడ స్టేషనులో రైలు ఎక్కాము. మా సతీమణి ఒక సంచిలో రెండు కిలోల ఉలవలు కట్టి ఇచ్చారు. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఆ సంచి తడిమి చూసి, "చుట్టాలింటికి ఉలవలు పట్టుకెళ్తన్నారేటి బాబూ?" అని అడిగింది. అవునన్నాము. అబద్ధమేమీ కాదు.

తిలారు, ఊర్లాము దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషను వచ్చింది. ఆ స్టేషను పేరుకే శ్రీకాకుళానిది, ఉన్నది ఆమదాలవలసలో. పట్టణానికి వెళ్ళాలంటే ఇంకా చాలా దూరము పోవాలి. మా చిన్నతనములో, అంటే 1980ల మధ్యలో, స్టేషను బయట జట్కాలు వరుసగా నిలబడి ఉండేవి. లోపల మెత్తగా గడ్డి పరిచి దాని మీద గోనె పట్టా వేసేవారు. బండి కింద పచ్చగడ్డి మూట వేలాడేది. "కాస్త ముందుకు జరగండి, పెద్దాయనా మీరు వెనక్కి" అని తూకము సరిచేసి గాని బండివాడు కదిలేవాడు కాదు. చెర్నాకోల కర్రను చక్రపు ఆకులకు ఆనించి టకటకలాడిస్తే దారిలో జనము తప్పుకొనేవారు. రథసప్తమి నాడు అరసవల్లి వెళ్ళే యాత్రికులతో ఆ బండ్లు కిటకిటలాడేవి. మేము మాత్రము క్రిస్మసు బట్టల కొరకు ఏడాదికొకసారి మా తల్లిగారితో ఎక్కేవాళ్ళము.

అలాంటి ఒక క్రిస్మసు ముందు వాన పడి రోడ్డు జారుగా ఉంది. గుర్రము కాలు జారి మోకాళ్ళ మీద పడింది. బండివాడు దిగి దానిని లేవమని కొట్టాడు. అది లేవలేకపోయింది. మళ్ళీ కొట్టాడు. మేము ముందు వైపు కూర్చున్నాము కనుక దాని కన్ను మాకు స్పష్టముగా కనిపించింది. నల్లని పెద్ద కన్ను, అంచున తెల్లగా తిరిగిపోయి ఉంది. ఆ కన్ను చాలా కాలము మా కలలోకి వచ్చేది. ఆ నాటి నుండి గుర్రమంటే మాకు భయము. అలాంటి మమ్మును, దేవుడు ఇరవై యేళ్ళ తరువాత ఒక జట్కా సాయిబుగారి శిష్యరికములో పెట్టాడు.

పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల దాటి రైలు విజయనగరము చేరింది. స్టేషను బయట ఎటు చూసినా ఆటోలే. మేము మూడు లాంతర్ల కూడలి వరకు నడిచి, గంటస్తంభము చూసుకుంటూ కోట ముందు దాకా వెళ్ళాము. 1713లో కట్టిన కోట అది. మా సాయిబుగారు ఈ వీధులలోనే ముప్ఫై యేళ్ళు జట్కా తోలారు. కోర్టు పక్షుల దగ్గర నుండి పెళ్ళికూతుళ్ళ దాకా అందరినీ ఆయన బండిలో దింపారు. 1990ల నాటికి ఆటోలు వచ్చి బేరములు పోయాయి. తోటివాళ్ళు గుర్రాలను అమ్ముకున్నారు. ఈయన మాత్రము బండి అమ్మి గుర్రాన్ని ఉంచుకొని, కుమార్తె ఉన్న శృంగవరపుకోటకు చేరారు.

అక్కడ కొండ ఊళ్ళవారికి గుర్రాల అవసరము ఉంది. బండి వెళ్ళని దారులలో చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు సంతకు దింపాలన్నా, బియ్యము, ఉప్పు పైకి మోయాలన్నా చిన్న గుర్రాలే గతి. వాటికి నాడాలు కొట్టడము, గాయాలకు మందు వేయడము, కొత్త గుర్రానికి బరువు అలవాటు చేయడము ఆయన పని. పట్టణము వదిలేసిన విద్యకు కొండ అన్నము పెట్టింది.

మేము 2005లో శృంగవరపుకోట ప్రాంతములోని ఒక చిన్న సంఘానికి కాపరిగా వెళ్ళాము. వేదాంత డిప్లొమా పూర్తయి ఎంతో కాలము కాలేదు. కొండ మీద మూడు ఊళ్ళలో ప్రార్థన కూటములు ఉండేవి. ఎక్కువగా కొండదొర కుటుంబాలవారు. కాలినడకన ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి రెండు గంటలు. మరుసటి యేడు మలేరియా వచ్చి లేచిన తరువాత మా కాళ్ళలో సత్తువ లేకుండా పోయింది. సంఘ పెద్ద ఒకాయన, "అయ్యగారూ, సంత వెనకాల సాయిబుగారున్నారు, గుర్రం అడగండి" అన్నారు.

మేము వెళ్ళేసరికి ఆయన చింతచెట్టు కింద ఒక గుర్రపు కాలును తొడ మీద పెట్టుకొని గిట్ట చెక్కుతున్నారు. అరవై యేళ్ళు దాటిన మనిషి. సన్నగా, ఎండిన మోదుగు కర్రలా ఉన్నారు. "గుర్రము కావాలండీ" అన్నాము.

ఆయన తల ఎత్తకుండానే, "గుర్రం కావాలా పాస్టరుబాబూ, సవారీ కావాలా?" అని అడిగారు.

"రెండూ ఒకటే కదండీ."

"ఒకటెలాగవుద్ది బాబూ? గుర్రం డబ్బులకొస్తాది. సవారీ రోజులకొస్తాది."

మా దగ్గర డబ్బులూ లేవు, రోజులూ లేవు. అయినా ఆయన కాదనలేదు. చిలక అనే గోధుమరంగు ఆడగుర్రాన్ని చూపించారు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. వారానికి రెండు రోజులు అది మాది. అద్దె అక్కరలేదు, ఆ రెండు రోజుల గడ్డి, దాణా మాత్రము మేము చూసుకోవాలి. షరతు ఒకటే: తాను ఎక్కమన్నంత వరకు ఎక్కకూడదు.

మొదటి పదిరోజులు మాకు గుర్రము ఎక్కే భాగ్యము కలుగలేదు. ఒళ్ళు దువ్వడము, మాలీసు చేయడము, పేడ ఎత్తడము, గిట్టల సందున ఇరుక్కున్న రాళ్ళు తీయడము, ఉలవలు నానబెట్టడము, ఇవే మా పాఠాలు. ఉలవలు మన ఇళ్ళలో మనుషుల తిండి, గుర్రానికీ అదే తిండి. సాయిబుగారింట్లో ఒకే బస్తా నుండి ఇంటివారికీ గుర్రాలకూ కొలిచేవారు. గుర్రము వాంతి చేసుకోలేదని ఆయన చెబితేనే మాకు తెలిసింది. కుళ్ళినది తిన్నా, ఒక్కసారిగా ఎక్కువ తిన్నా, కడుపులోనిది పైకి రాదు, శూల పట్టి చచ్చిపోవచ్చు. కాబట్టి కొంచెము కొంచెము, పలుమార్లు పెట్టాలి. బాగా అలిసి వచ్చిన గుర్రము ముందు దాణా తొట్టి పెట్టకూడదు. ముందు దాని ఒళ్ళు చల్లారాలి, మెల్లగా నీళ్ళు తాగాలి, ఆ తరువాతే గింజ.

దగ్గరకు వెళ్ళడము కూడా ఆయన నేర్పిన విద్యే. గుర్రము కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గాని సరిగ్గా తోక వెనుక, సరిగ్గా ముక్కు ఎదుట కనిపించదు. వెనుక నుండి చప్పుడు లేకుండా వెళితే అది భయపడి తంతుంది. "అది కోపం కాదు బాబూ, బయ్యం. ముందు మాటాడండి, తరవాత ఎల్లండి" అనేవారు. మేము సంఘములో ఎన్ని ఇళ్ళకు ముందు మాట లేకుండా గద్దింపుతో వెళ్ళామో ఆ రోజు మాకు జ్ఞాపకము రాలేదు. తరువాత వచ్చింది.

పదకొండవ రోజు ఎక్కించారు. ఆయన జట్కా రోజులనాటి పాత తోలు జీను ఒకటి ఉండేది, దాని మీద. ఎడమ వైపు నుండి ఎక్కాలి. మడమలు కిందికి ఉంచాలి. గుర్రపు కాళ్ళ వైపు చూడకూడదు, దాని రెండు చెవుల మధ్య నుండి దూరముగా దారి చూడాలి. చెవులు ముందుకు ఉంటే దానికేదో కనిపించిందని, మెడకు అతికించి వెనక్కి పడుకోబెడితే కోపము వచ్చిందని గుర్తు. ఎక్కుడులో ముందుకు వంగి జూలు పట్టుకోవాలి. దిగుడులో పగ్గాలు కాస్త వదలాలి. "దాని కాలు ఎక్కడ పెట్టాలో దానికి తెల్సు. మీకేటి తెల్సు?" అనేవారు.

ఈ మాట విన్నప్పుడు మాకు జాన్ వెస్లీగారు జ్ఞాపకము వచ్చారు. ఇంగ్లాండు దేశములో ఆయన సువార్త కొరకు గుర్రము మీద ప్రయాణించిన దూరము రెండున్నర లక్షల మైళ్ళని చెబుతారు. పగ్గాలు గుర్రపు మెడ మీద వదిలేసి పుస్తకము చదువుకుంటూ వెళ్ళేవారట. పగ్గము వదులుగా ఉన్న గుర్రము తొట్రిల్లడము బహు అరుదని 1770లో తన దినచర్యలో రాసుకున్నారు. తన ప్రసంగీకులకు కూడా, మెల్లగా స్వారీ చేయండి, గుర్రానికి మాలీసు, మేత, పడక అమరాయో లేదో మీ కళ్ళతో మీరే చూడండి అని నియమము పెట్టారు. ఈ సంగతి సాయిబుగారికి చెబితే ఎంతో సంతోషించి, "ఆ దొరగారు నిజంగా సవారీ తెలిసినోడే" అన్నారు. వెస్లీగారికి ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము ఎవరిస్తారు!

ఇక అసలు సంగతి. యాకోబు పత్రిక 3వ అధ్యాయములో గుర్రము నోటి కళ్ళెమును గూర్చిన మాట మీకందరికీ తెలిసినదే. నాలుకను అదుపులో పెట్టుకోవాలని మేము దాని మీద ఎన్నో ప్రసంగాలు చేశాము. అయితే కళ్ళెము గుర్రము నోటిలో ఎక్కడ ఉంటుందో మాకు తెలియదు. ఒక రోజు సాయిబుగారు చిలక పెదవి ఎత్తి, "ఇటు సూడండి బాబూ, ఏలెట్టి సూడండి" అన్నారు. ముందు పళ్ళకూ వెనుక దవడ పళ్ళకూ మధ్య ఒక ఖాళీ ఉంది. అక్కడ పళ్ళు లేవు, ఒట్టి చిగురు. ఇనుప కళ్ళెము ఆనేది ఆ చిగురు మీద. లాగితే బరువంతా ఆ పచ్చి మాంసము మీద పడుతుంది.

"అందుకే కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టాలి పగ్గం. జారిపోకూడదు, నలిగిపోకూడదు. ఊరికే లాగుతా ఉంటే చిగురు మొద్దుబారిపోతాది. అప్పుడు ఇంకా గట్టిగా లాగాలి. అది ఇంకా మొద్దుబారతాది. ఆకరికి దీని నోరు రాయి అంటారు, కొట్టి అమ్మీస్తారు. పుట్టినప్పుడు ఏ గుర్రానికీ నోరు రాయి కాదు బాబూ. రౌతు కొద్దీ గుర్రం."

విన్నాము, తల ఊపాము. నేర్చుకోలేదు.

2008 వానాకాలములో కొండ మీద కూటము ముగించుకొని దిగుతుండగా వర్షము పట్టుకుంది. దారి బురద. ఒక మలుపు దగ్గర చిలక వెనుక కాలు జారింది. మా చిన్ననాటి ఆ జట్కా గుర్రము కళ్ళ ముందు మెదిలింది. భయముతో రెండు చేతులా పగ్గాలు బిగించి లాగాము. అది తల ఎగరేసింది, ఇంకా జారింది. ఇంకా లాగాము. ఎలా నిలదొక్కుకుందో దేవునికే తెలుసు. సంత వీధికి చేరేసరికి కళ్ళెము దగ్గర నురగలో రక్తము ఉంది.

సాయిబుగారు ఏమీ అనలేదు. కళ్ళెము విప్పి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో నోరు కడిగారు. చిలక మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. తరువాత, "నెల్లాళ్ళు దీనికి కళ్ళెం ఎయ్యను బాబూ. మీరు నడిచే ఎల్లండి" అన్నారు. అంతే. ఆయన తిట్టి ఉంటే మాకు సుఖముగా ఉండేది.

ఆ నెల మేము కొండకు నడిచే వెళ్ళాము. నడుస్తున్నవానికి ఆలోచన ఎక్కువ. ఆ యేడు వేసవిలో మేము సంఘములో ఒక పని చేసి ఉన్నాము. డోలకు వాయించే ఒక కుర్రవాడు ఊరి జాతరలో తాగాడని తెలిసి, ఆదివారము ఆరాధనలో అందరి ఎదుట నిలబెట్టి, పేరు పెట్టి గద్దించి, డోలకు ముట్టవద్దన్నాము. వాని తల్లి ఆడవారి వరుసలో కొంగు ముఖము మీదికి లాక్కొని కూర్చుంది. మరుసటి వారము ఆ ఇంటినుండి ఎవరూ రాలేదు. వాక్యమునకు లోబడని కుటుంబమని మేము అనుకున్నాము. వాని హృదయము రాయి అని సంఘ పెద్దలతో కూడా అన్నాము.

ఆ కొండ దారిలో, చిలక కాలు జారిన మలుపు దగ్గరే, సాయిబుగారి మాట మాకు మళ్ళీ వినబడింది. ఆ పిల్లవాని నోరు ఎవరి చేతిలో మొద్దుబారింది? గద్దించవలసిన సంగతే, కాదనము. కాని మేము లాగినది వాని మేలు కొరకా, మా భయము కొరకా? సంఘము మా చేయి దాటిపోతుందేమోనన్న యౌవన కాపరి భయము అది.

కొండ దిగి తిన్నగా ఆ ఇంటికి వెళ్ళాము. వీధి అరుగు మీద కూర్చొని, తప్పు మాదే అమ్మా అన్నాము. తల్లి మంచినీళ్ళు ఇచ్చింది. కుర్రవాడు బయటికి రాలేదు. ఆ తరువాత కూడా చాలాసార్లు వెళ్ళాము. తల్లి ఏడాదికి తిరిగి ఆరాధనకు వచ్చింది. కుర్రవాడు పనికి చెన్నై వెళ్ళిపోయాడు. ఇప్పటికీ క్రిస్మసుకు మేము ఫోను చేస్తే ఎత్తుతాడు, క్షేమము చెబుతాడు, పిల్లల పేర్లు చెబుతాడు. గుడికి మాత్రము వెళ్ళడు. ఈ మాట రాయడము మాకు సులువు కాదు. కాని చిలక నోటి గాయము నెలలో మానిందనీ, అన్ని గాయములు అలా మానవనీ తోటి కాపరులకూ తల్లిదండ్రులకూ చెప్పడము మా విధి అనుకుంటున్నాము.

నెల తరువాత సాయిబుగారు చిలకను మళ్ళీ మాకిచ్చారు. ఈసారి కళ్ళెము లేకుండా, మెడకు ముఖానికీ తాడు మాత్రమే కట్టి. ఇనుము లేకుండానే అది చక్కగా తిరిగింది. "ఇప్పుడు మీకు సవారీ వచ్చింది" అన్నారు. అప్పటికి రెండేళ్ళయింది.

మేము ఎన్నో సాయంత్రాలు ఆ చింతచెట్టు కింద గడిపాము. ఆయన తన నమాజు చేసుకొని వచ్చేవారు, మేము మా ప్రార్థన చేసుకొని వెళ్ళేవాళ్ళము. ఒకరి విశ్వాసమును ఒకరు దాచుకోలేదు, వాదించుకోలేదు. ఇశ్రాయేలు రాజు గుర్రములను విస్తారముగా సంపాదించుకొనకూడదని ద్వితీయోపదేశకాండములో ఉన్నదని మేమొకసారి చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, "రాజుకి గుర్రాలెందుకు బాబూ, యుద్ధానికే కదా. ఆ తప్పు రాజుది, గుర్రానిది కాదు" అన్నారు. తమ ఖురానులో పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణముతో మొదలయ్యే అధ్యాయము ఉన్నదని చెప్పారు. మేము యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడు గుర్రమును వర్ణించిన భాగము చదివి వినిపిస్తే, రెండవసారి చదివించుకున్నారు.

బొబ్బిలి యుద్ధము సంగతి ఒకసారి వచ్చింది. 1757 జనవరి 24న విజయనగరము రాజు పక్షాన బుస్సీ ఫ్రెంచి సేన బొబ్బిలి కోట మీద పడిన కథ మన జిల్లాలలో తెలియనివారు లేరు. సాయిబుగారు తాండ్ర పాపారాయుని కథ జముకులవారి నోట వినని సంవత్సరము లేదట. కథ అంతా విని, "రాజుల పేర్లు సెప్తారు, సర్దార్ల పేర్లు సెప్తారు. ఎన్ని గుర్రాలు సచ్చిపోనాయో ఎవులూ సెప్పరు" అనేవారు.

2011లో మాకు బదిలీ అయింది. ఆ మరుసటి యేడు సాయిబుగారికి చూపు మందగించడముతో చిలకను కొండ మీద ఒక విశ్వాసి కుటుంబానికి ఊరికే ఇచ్చేశారు. మేము ఏడాదికొకసారి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళము. 2021 మే నెలలో ఆయన వృద్ధాప్యముతో కన్ను మూశారు. అప్పుడు కరోనా రెండవ ఉధృతి, మధ్యాహ్నము పన్నెండు దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఆ మాట ఫోనులో విని, టెక్కలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాము. గుర్రము ఎక్కడము నేర్పినవాని పాడె మోయలేకపోయాము.

ఆ అప్పు తీర్చుకోవడానికే ఈ ప్రయాణము. విజయనగరములో బస్సెక్కి గంట్యాడ మీదుగా వెళ్ళాము. ఎడమ కుడి పక్కల వరి కోతలు, నూర్పులు సాగుతున్నాయి. తాటిపూడి జలాశయము దాటాక తూర్పు కనుమలు దగ్గరకు వచ్చేశాయి. శృంగవరపుకోటలో సాయిబుగారి మనవడు ఆటో పట్టుకొని ఎదురు వచ్చాడు. ఆటో వెనుక గోధుమరంగు గుర్రము బొమ్మ వేయించాడు. "తాత పోరు పడలేక ఏయించాను సార్. కళ్ళెం లేకుండా ఎయ్యమన్నాడు" అన్నాడు.

ముందు ఖబరస్తానుకు వెళ్ళాము. చిన్న మట్టి దిబ్బ, తలవైపు ఒక రాయి. మనవడు చేతులు చాపి తన ప్రార్థన చేసుకున్నాడు. మేము తల వంచి, ఇటువంటి మనిషిని మాకిచ్చినందుకు దేవునికి వందనములు చెల్లించాము.

ఆ తరువాత కొండకు. ఒకప్పుడు మేము గుర్రము మీద ఎక్కిన దారిలో సగము దాకా ఇప్పుడు సిమెంటు రోడ్డు. దిగువన కొత్తవలస, కిరండూలు లైను మీద ఇనుపరాయి నింపిన గూడ్సు బండి పోతూ కనిపించింది. రోడ్డు ఆగిన చోట ఆటో ఆపి నడిచాము. రోడ్డు రావడము మంచిదే. జబ్బు చేసిన గర్భిణిని డోలీలో మోసుకొని దిగిన రోజులు మేము చూశాము, అవి తిరిగి రాకూడదు. అయితే రోడ్డు వచ్చిన చోట గుర్రము పోతుంది. 2012లో మన దేశములో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు ఆరు లక్షల పాతిక వేలు ఉండగా, 2019 పశుగణనలో అవి సుమారు మూడు లక్షల నలభై వేలకు తగ్గాయి. ఏడేళ్ళలో దాదాపు సగము.

చిలక పనసచెట్టు కింద నిలబడి ఉంది. దానికిప్పుడు పాతికేళ్ళు. వెన్ను వంగింది, కళ్ళ పైన గుంటలు పడ్డాయి, రెండు కళ్ళకూ తెల్లగా పొర కమ్మింది. నాలుగేళ్ళుగా బరువు మోయలేదట. "మరి ఇంకా మేపుతున్నారా?" అని అడిగాము, ఆ అడగడములో ఎంత అవివేకమున్నదో మాకే తరువాత తెలిసింది. ఇంటి యజమాని ఆశ్చర్యపోయి, "ఎన్ని బస్తాలు మోసిందో అయ్యగారూ! గంపెడు గడ్డికి లెక్కేటి?" అన్నాడు. నీతిమంతుడు తన పశువుల ప్రాణమును లక్ష్యపెట్టునన్న సంగతి సామెతలు 12:10లో ఉంది. ఆయన ఆ వాక్యము చదివినవాడు కాదు, ఆయనకు అక్షరాలు రావు. గుర్రము గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దలు విసుగుతో అన్న మాటను ఆయన ఇష్టముతో చేస్తున్నాడు.

మేము దగ్గరకు వెళ్ళబోయి ఆగాము. చూపు లేని గుర్రము, చప్పుడు లేకుండా వెళ్ళకూడదు. పది అడుగుల దూరములో నిలబడి, సాయిబుగారు పిలిచే తీరున, "చిలకా, ఒలే చిలకా" అని పిలిచాము. దాని చెవులు రెండూ ముందుకు తిరిగాయి. అప్పుడు నెమ్మదిగా వెళ్ళి మెడ మీద చెయ్యి వేశాము.

దానికి పళ్ళు అరిగిపోయాయి కనుక ఉలవలు ఉడకబెట్టించి, చల్లార్చి, మెత్తగా మెదిపి పెట్టాము. కొంచెము కొంచెముగా, పలుమార్లు. అరచేతిలో అది తింటుండగా దాని పెదవి ఎత్తి ఆ పాత చోటు చూశాము. చిగురు నున్నగా, లేతగా ఉంది.

ప్రియ పాఠకులారా, మన పల్లెలలో గుర్రాలు లేకపోవచ్చు. ట్రాక్టరు వచ్చాక మూల కట్టేసిన ముసలి ఎద్దు మీ ఇంట ఉండవచ్చు. దానిని కబేళా బండి ఎక్కించే ముందు, అది దున్నిన చాళ్ళు ఒకసారి లెక్కపెట్టండి. ఎదిగిన కుమారుడో, కోడలో, సంఘములో తప్పిపోయిన పిల్లవాడో ఉండవచ్చు. పగ్గము పట్టుకోవద్దని మేము చెప్పడము లేదు. ఆ కొస ఎక్కడ ఆని ఉందో ఒకసారి వేలు పెట్టి చూడండి.

తిరుగు ప్రయాణములో విజయనగరము ప్లాట్‌ఫారము మీద రైలు కొరకు కూర్చొని, చెన్నైకి ఫోను చేశాము. క్రిస్మసుకు ఇంకా మూడు వారాలు ఉంది. "ఏటి అయ్యగారూ, ఈసారి ముందే చేసినారు?" అన్నాడు. ఊరికే, నీ మాట విందామని అన్నాము. గుడి సంగతి ఎత్తలేదు. రైలు వచ్చే దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.